తెరిచిన నోరు

రాజకీయాల్లో కుర్చీ ఎక్కినవాడు నోరు తెరవడు, పళ్ళ డాక్టరు దగ్గర కుర్చీ ఎక్కినవాడు నోరు మూయడు, పుచ్చిపోయినదాని గురించి మాట్లాడే హక్కు మాత్రం రెండు చోట్లా పక్కన నిలబడ్డవాడిదే అనుకున్నాడు మైకు మామయ్య. అనుకున్నది పైకి అనేద్దామని నాలుక కదిపాడు. అది కదల్లేదు. నరంలేని నాలుక అంటారు గానీ దానికీ నరముంటుందనీ, ఆ నరానికో సూది పొడిస్తే భవనం మొత్తానికి పెద్దనోరని పేరుపడ్డవాడు కూడా మూగమొద్దు అయిపోతాడనీ ఇందాకే తెలిసింది. దవడ ఎడమవైపంతా ఎవరికో అద్దెకిచ్చి ఖాళీ చేయించుకోలేకపోతున్నట్టుంది. పెదవి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తోందో అంతుచిక్కడం లేదు. నోటికి అడ్డంగా ఆకుపచ్చ రబ్బరు తెర బిగించారు, తెరకో కన్నం, ఆ కన్నంలోంచి పక్కింటి గొడవకి తల బయటపెట్టినవాడిలా ఒకే ఒక పన్ను తొంగిచూస్తోంది. పెదవి మూల తగిలించిన గొట్టం గురగురమంటూ ఊరినదాన్ని ఊరినట్టే పీల్చేస్తోంది. సర్కారు పన్ను కోసం పీలుస్తుంది, డాక్టరు పన్ను కోసం పీలుస్తాడు, మనిషికి మిగిలేది ఎండిన నోరే అని ఇంకోటి తోచింది. బాగుంది. బస్టాండులో టీ తాగేవేళ విసిరితే కండక్టర్లు గ్లాసులు ఒలకబోసుకునేంత బాగుంది. కానీ ఏం లాభం, చెప్పకుండా లోపలే ఉండిపోయిన చమత్కారం రెండోపూటకి పులిసిపోతుంది. ఇన్నేళ్ళుగా ప్రయాణికులకి ఏ బస్సు ఏ రూటో మైకులో చెప్పి బతికిన మనిషికి చివరికి తన రూటే తవ్వుతున్నారు, కెనాలట, కాలవట. లోపల ఎంత లోతుకి పోతే అంత కంపు బయటపడుతుందని డాక్టరు మొదట్లోనే చెప్పాడు. పన్ను గురించే చెప్పాడు.

డాక్టరు మంచివాడు. ఇది వెక్కిరింపు మాట కాదు. ఇదే భవనంలో పై అంతస్తులో ఉంటాడు, కింద ఈ రెండు గదుల్లో క్లినిక్ పెట్టుకున్నాడు, ఎవరికి పన్ను సలిపినా అన్నం ముందునుంచి లేచి వస్తాడు, ముసలివాళ్ళ దగ్గర ఫీజు పుచ్చుకోడు, మైకు మామయ్యని అన్నగారూ అని పిలిచి నిజంగానే అన్నగారిలా చూస్తాడు. పనిచేస్తూ మాట్లాడటం అతని అలవాటు, అందువల్ల పేషెంటు భయం మరిచిపోతాడట. ఇరుగుపొరుగు పళ్ళన్నీ అతని దగ్గరికే రావడంతో భవనం సంఘం వ్యవహారాలు సగం ఈ కుర్చీలోనే తేలిపోతుంటాయి. మెట్లమీద చెప్పుల గొడవ, నీళ్ళ మోటారు వేళలు, లిఫ్టుకి వెయ్యాల్సిన రంగు, అన్నీ ఇక్కడే ఏకగ్రీవంగా నెగ్గాయి. కాదనడానికి ఎవరికీ నోరు ఖాళీ లేదు మరి. ఏకగ్రీవమంటే ఒకే మెడ అని కదా, ఒక్కొక్క మెడనీ వెనక్కి వాల్చి ఒప్పిస్తే అన్నీ కలిసి ఒకటే మెడవుతాయి. ఇవాళ తన మెడ వంతు. సంఘానికి అధ్యక్షుడు తనే. గొంతు పెద్దది గనక అధ్యక్షుణ్ణి చేశారు, మైకు అద్దె కలిసొస్తుందని.

సాయంత్రం మీటింగు సంగతే అన్నగారూ, మీరేం కంగారు పడకండి, వినండి చాలు, అన్నాడు డాక్టరు సన్నటి ఆకురాయి లాంటి సూదిని వేళ్ళమధ్య తిప్పుతూ. వినక చేసేదేముంది. సంగతి ఇద్దరికీ తెలిసిందే. రెండో అంతస్తులో ఖాళీగా ఉన్న ఇల్లు పెద్దాసుపత్రిలో పనిచేసే నర్సు ఒకావిడ అద్దెకడిగింది, ఆవిడా, ఆవిడ తల్లీ. ఇంటాయన సరేనన్నాడు. కొత్తవాళ్ళెవరు రావాలన్నా సంఘం ఒప్పుకోవాలన్నది ఇక్కడి నియమం. ఎవరో ఆరా తీశారు. వాళ్ళు లైనవతలి వాళ్ళు. రైలు పట్టాల అవతల, తోళ్ళు పదును చేసే షెడ్ల చుట్టూ పుట్టి, ఆ షెడ్లలోనే పనిచేసి, అక్కడే పోయేవాళ్ళు. ఆరా తీసిన రోజునుంచీ మెట్లమీద మాటలు తగ్గి గుసగుసలు పెరిగాయి. సగం ఇళ్ళవాళ్ళు రానిద్దామంటున్నారు, సగం వద్దంటున్నారు, ఇటూ అటూ సమానమైతే అధ్యక్షుడి చెయ్యి ఎటు లేస్తే అటు. పైన హాల్లో అప్పుడే కుర్చీలు ఈడుస్తున్నారు, కప్పులోంచి ఆ చప్పుడు పంటి నొప్పిలాగే అప్పుడప్పుడూ వచ్చి పోతోంది.

"నాకు పట్టింపుల్లేవన్నగారూ, మీకు తెలుసు కదా. నా క్లినిక్‌కి వాళ్ళూ వస్తారు, వద్దన్నానా? కానీ ఇల్లు వేరు. మెట్లు ఒకటే, లిఫ్టు ఒకటే, పిల్లలు ఆడుకునేది ఒకచోటే. ఇవాళ ఒకరొస్తారు, రేపు వాళ్ళ చుట్టాలొస్తారు."

ఆ మాటలో కోపం లేదు, ఎండగా ఉంది గొడుగు తీసుకెళ్ళండి అన్నంత మామూలుగా ఉంది. కోపంగా అంటే ఎదురు తిరగొచ్చు, ఇంత ప్రేమగా అనేవాడితో ఏం పేచీ పెట్టుకుంటాం. అసిస్టెంటమ్మాయి గొట్టం కొంచెం జరిపి, నొప్పిగా ఉందా అంకుల్ అనడిగింది. నొప్పి లేదు. మందు బాగా పనిచేసింది. మందిచ్చినచోట నొప్పి తెలియదు, నొప్పి తెలియనంత మాత్రాన అక్కడ కోతపడటం లేదని కాదు, ఎన్నేళ్ళ మందో తనది, ఎవరు వేశారో, తనే వేసుకున్నాడేమో. లైటు నేరుగా కళ్ళలోకి కొడుతోంది. కళ్ళు మూసుకుంటే లోపలంతా ఎర్రగా, ఆ ఎరుపులో వంటింటి గట్టుమీద చెయ్యానించి నిలబడ్డ ముసలావిడ.

ఆ తల్లీకూతుళ్ళు ఇల్లు చూడటానికి వచ్చిననాడు తాళంచెవి పట్టుకుని ముందు నడిచింది తనే. నర్సు ఎక్కువ మాట్లాడే మనిషిలా లేదు. కుళాయి విప్పి చూసింది, కిటికీ తెరిచి చూసింది, అమ్మకి మోకాళ్ళు నొప్పులు, లిఫ్టు పనిచేస్తుందా అనడిగింది. ఈ భవనంలో పనిచేసేది లిఫ్టొక్కటేనమ్మా, మిగతా అందరం రిటైరయ్యాం అన్నాడు. నర్సు నవ్వింది. ముసలావిడ నవ్వలేదు. అతని మొహంవైపు కాకుండా నోటివైపు చూసింది, ఆ మాట ఏ బావిలోంచి తోడుకొస్తున్నాడో వెతుకుతున్నట్టు. కూతురు పక్కగదిలోకి వెళ్ళేదాకా ఆగింది.

"గొంతు మారలేదురా," అంది.

అంతే. వంటింట్లో ఇంకేమీ జరగలేదు. గట్టు గట్టులాగే ఉంది, గోడమీద పాత కేలండరు మేకు మేకులాగే ఉంది. ఆ 'రా' వినిపించి ఎంతకాలమైంది. లోకమంతా గారూ గారూ అని గారాబం చేస్తున్న మనిషిని ఎవరో మెడలో చొక్కా పట్టుకుని ఇంటికి లాక్కెళ్ళినట్టయింది. నర్సు వచ్చి ఎవరి గొంతమ్మా అంటే, మావాడొకడు ఉండేవాడులే, షెడ్ల గేటెక్కి షిఫ్టు కూత కూసేవాడు, రైలింజను గొంతు, ఎక్కడున్నాడో ఏమో, అంది. అని అతనివైపు తిరిగి, ఇల్లు బావుంది బాబూ, గాలి బాగా వస్తుంది అంది. గుమ్మం దాటేటప్పుడు, వస్తామండీ, అంది. రా నుంచి బాబుకీ, బాబు నుంచి అండీకీ. ఆ కాసేపట్లోనే ఆవిడ తనని చేరదీసి, చూసుకుని, మళ్ళీ భద్రంగా దూరం పంపించేసింది. దాచిపెట్టింది. దాచమని తను అడగలేదు. అడగకుండా చేసిన మేలుని ఏం చేసుకోవాలో తెలియక అప్పటినుంచీ పన్ను సలుపుతోంది.

రైలింజను గొంతే. షెడ్ల సైరను చెడిపోతే, బాగు చేయించడం దండగ, గొంతున్న కుర్రాణ్ణి గేటెక్కిస్తే సరి అనుకున్నాడు మేనేజరు. పొద్దున్నే గేటు చువ్వల మీద నిలబడి అరిస్తే పట్టాల ఇవతలి ఇళ్ళలో గడియారాలు సరిచేసుకునేవాళ్ళట. గొంతు పట్టాలు దాటేది, మనిషి దాటకూడదు. నాన్న సున్నం గుంతల్లో పనిచేసేవాడు. తోళ్ళని సున్నంలో నానేస్తే వెంట్రుక ఊడుతుంది, నానేసినవాడి వేళ్ళకి చర్మం ఊడుతుంది. తోలుకి రేటుంది, ఒకడి చర్మానికి లేదు. తోలు పనివాడి తోలు మందమని ఇవతలివాళ్ళు అనేవాళ్ళు, నాన్న వేళ్ళు చూస్తే ఆ మాట ఎంత తోలుతిత్తి మాటో తెలిసేది, గాలి తప్ప లోపలేమీ లేదు. ఓటు రోజు నాన్న ఉతికిన చొక్కా వేసుకునేవాడు. పట్టాలు దాటి ఇవతల బడిలో వరసలో నిలబడి, సిరా పెట్టించుకుని వచ్చి, ఆ వేలు దీపం ముందు పెట్టి చూపించేవాడు.

"ఇవాళ ఒక్కరోజు వాళ్ళ వేలికీ మన వేలికీ ఒకటే రంగురా."

ఆ ఒక్కరోజు కూడా నిండేది కాదు. మధ్యాహ్నం షిఫ్టుకి గుంతలో దిగితే సాయంత్రానికల్లా సున్నం ఆ సిరాని తినేసేది. ఇవతలివాళ్ళ వేళ్ళకి నెలదాకా ఉండే మచ్చ నాన్న వేలికి పూటైనా నిలిచేది కాదు, అయినా మళ్ళీ ఎన్నికలొస్తే మళ్ళీ ఉతికిన చొక్కా. వంతెన కడతామన్నారు. పట్టాల మీదుగా వంతెన వస్తే ఆ ఊరూ ఈ ఊరూ ఒకటైపోతుందన్నారు. దానాల్లోకెల్లా తేలికది వాగ్దానం, ఇచ్చినవాడికి తరగదు, పుచ్చుకున్నవాడికి చేరదు. నాన్న మాత్రం పుచ్చుకున్నాడు. పుచ్చుకుని జేబులో పెట్టుకుని, అది పుచ్చిపోయేదాకా దాచుకున్నాడు. తమాషా ఏమిటంటే వంతెన నిజంగానే వచ్చింది. సిమెంటుది, గట్టిది, ఇప్పటికీ ఉంది. తోళ్ళు లారీల్లో ఇటొస్తాయి, చెప్పులూ సంచులూ బెల్టులూ అయి దుకాణాల్లో కూర్చుంటాయి, అధ్యక్షుడి నడుముకున్న బెల్టు కూడా ఆ వంతెన మీదుగా వచ్చిందే. తోలు వచ్చినంత సులువుగా తోలు పనివాడు రాలేకపోయాడు. వంతెన కట్టినవాళ్ళు పట్టాలు దాటడం ఎలాగో చెప్పారు గానీ, గుమ్మం దాటడం ఎలాగో చెప్పడానికి ఏ పార్టీకీ మేస్త్రీ దొరకలేదు.

మర పంటిలో గిర్రుమంది. నీళ్ళ తుంపర మొహంమీద పడింది. కొంచెం వెడల్పుగా తెరవండన్నగారూ అన్నాడు డాక్టరు. ఇంకా ఎంత తెరవాలి, దవడ కీలు దగ్గర కట్టెలా బిగుసుకుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందన్నారు పెద్దలు, ఆ ఒక్క సామెతని పట్టుకునే తను ఈ ఊళ్ళో బతికాడు. వంతెన దాటి వచ్చినవాడికి ఆస్తి గొంతొక్కటే. సెంటు భూమి లేదు గానీ సెంటుకి లోటు లేకుండా చూసుకున్నాడు, షెడ్ల వాసన ఇంకా చొక్కాలో ఉందేమోనన్న అనుమానం చొక్కాలు ఎన్ని మారినా పోలేదు. బస్టాండులో మైకు ముందు ఉద్యోగం దొరికినప్పుడు హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. ఎవరెక్కడికి పోవాలో చెప్పేవాణ్ణి ఎక్కణ్ణించొచ్చావని ఎవరడుగుతారు. అయినా అడిగేవాళ్ళు. మీదెక్కడండీ అంటే, మాది నాలుగో ప్లాట్‌ఫారమండీ అనేవాడు. మీవాళ్ళెవరండీ అంటే, టిక్కెట్టు కొన్నవాళ్ళందరూ మావాళ్ళేనండీ అనేవాడు. నాన్నగారేం చేసేవారు అంటే, చివరిదాకా తోలేవారండీ అనేవాడు, వాళ్ళు లారీయో బండో అనుకుని తలూపేవాళ్ళు. ప్రశ్న గుమ్మంలో అడుగుపెట్టకముందే ఒక చమత్కారం ఎదురెళ్ళి దాన్ని నవ్వించి, కాళ్ళు కడిగి, వెనక్కి పంపించేది. జనం అతనికి మాటలంటే ఇష్టమనుకున్నారు. ఎంత హాస్యప్రియుడో అనుకున్నారు. హాస్యం సరే, ప్రియం ఎంత పడిందో ఎవరికి తెలుసు.

నాన్న పోయిన కబురు డ్యూటీ మధ్యలో వచ్చింది. షెడ్లలో పనిచేసే వాడొకడు టిక్కెట్టు కిటికీ దగ్గర నిలబడి లోపలికి చూస్తూ ఏమీ అనకుండా తలొంచాడు, పేరు పెట్టి పిలిస్తే పక్కవాళ్ళు వింటారని. తెలివైనవాళ్ళు లైనవతలి వాళ్ళు, తమ వాణ్ణి తమ నుంచే కాపాడటం ఎలాగో వాళ్ళకి బాగా తెలుసు. తను కడుపునొప్పని చెప్పి వెళ్ళి, మట్టి చేసి వచ్చి, సాయంత్రం బస్సులన్నీ ఎప్పటిలాగే పిలిచాడు. గొంతు ఒక్కచోట కూడా వణకలేదు. ఆ రోజు ఏ బస్సు తప్పిపోలేదు, ఏ ప్రయాణికుడూ దారి తప్పలేదు. టీ దగ్గర ఎవరో కడుపునొప్పి తగ్గిందా అంటే, కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుంది కదా, కుట్టేశాను అన్నాడు. నవ్వారు. అందరూ ఎంత బాగా నవ్వారు.

ఇప్పుడు కూడా నవ్వు. ఇదేమిటి, ఈ నవ్వు లోపలిది కాదు, పక్కనే. అసిస్టెంటమ్మాయి. డాక్టరు ఆమెకేదో చెబుతున్నాడు. నువ్వు కొత్తదానివి గనక వినుండవు, ఇది మన అన్నగారి జోకే, డాబామీద చెప్పారు, భవనమంతా పడీపడీ నవ్వింది, అని మొదలుపెట్టాడు. లైనవతల జనాభా లెక్కలకి వెళ్ళినవాళ్ళు తలలు లెక్కపెట్టకుండా ముక్కులు లెక్కపెట్టారట, ఒక్కటీ దొరకలేదట, ఉంటే అక్కడ ఎలా బతుకుతారని అడిగారట. అమ్మాయి మాస్కు వెనక కిసుక్కుమంది. రబ్బరు తెర వెనక మైకు మామయ్య ఆ జోకుని గుర్తుపట్టాడు. తనదే. డాబామీద కొత్తగా చేరినప్పటి విందులో, ఎవరో మీదెక్కడండీ అన్న క్షణాన, దగ్గర్లో వేరే చమత్కారమేదీ దొరక్క విసిరిన రాయి. అడిగినవాడు నవ్వులో పడి అడిగింది మరిచిపోయాడు, రాయి మాత్రం కిందపడలేదు, ఇంటింటికీ చేతులు మారింది, పిల్లలు బళ్ళోకి పట్టుకెళ్ళారు, పెళ్ళిళ్ళలో చెప్పుకున్నారు, ఇవాళ మీటింగుకి కూడా వస్తుంది. నవ్వు నాలుగు విధాల చేటంటారు, మిగతా మూడూ ఎవరికో తెలియదు గానీ మొదటిది మాత్రం గుంతలో నిలబడి వేళ్ళు ఒలిపించుకున్నవాడికి. ఏ రాయైతేనేం పళ్ళూడగొట్టుకోవడానికి, తనది సొంత రాయి, సొంత పన్ను.

"అందుకే అన్నగారూ, మీరు మావైపే అని నాకు మొదట్నుంచీ తెలుసు," అన్నాడు డాక్టరు.

తెలుసు. నిజమే, జోకు సాక్ష్యం చెప్పింది, ఇంక మనిషి దేనికి. ఎంతమంది వైపు లేడు తను. ఎన్నికలొస్తే మూడు పార్టీలూ తన దగ్గరికే వచ్చి గొంతడుగుతాయి. మార్పు కావాలా మార్పు అని మూడు పార్టీలకీ తనే అరిచాడు, చివరికి మార్చింది రికార్డే. వీధిలో ఒక బండి వెనక ఒకటి మూడు బండ్లు పోతుంటే మూడింట్లోనూ తన గొంతే, తనతో తనే పోటీ, తనని తనే ఓడిస్తానంటాడు, తనకి తనే బుద్ధి చెప్పమంటాడు. ఓటరు మహాశయులారా అంటున్నప్పుడు ఒక్కోసారి నాన్న వేలు కళ్ళముందుకొచ్చేది. ఓటు ఓటిదైతే కుండ ఎవరిదైతేనేం అని నవ్వేసేవాడు. నమ్మకం పోయిందా అంటే ఉన్నదెప్పుడని. కానీ నమ్మకం లేకపోవడానికి కూడా ఒక దిటవు కావాలి, అది కూడా తన దగ్గర లేదు. ఎక్కడో మూల, పంటి సందులో ఇరుక్కున్న ముక్కలా, ఉతికిన చొక్కా ఒకటి ఇరుక్కుని ఉంది, నాలుకతో ఎంత నెట్టినా రాదు.

ఆ నర్సుని సంఘం కార్యదర్శి గేటు దగ్గర అడిగాడట, మీరు ఎక్కణ్ణించమ్మా అని. లైనవతల నుంచండీ అందట. చేతిసంచీ సర్దుకుంటూ, తల కూడా ఎత్తకుండా, ఈ బస్సు ఎక్కడికి వెళుతుందంటే చెప్పినట్టు. కార్యదర్శి ఆ మాట చెప్పేటప్పుడు ఎంత ధైర్యమో చూడండి అన్నాడు, ధైర్యం అన్న మాటని పొగరు అన్న అర్థంలో వాడాడు. మైకు మామయ్యకి మాత్రం ఇంటికెళ్ళి పడుకున్నా ఆ మాట వదల్లేదు. మూడు ముక్కలు కూడా లేని మాట. దాన్ని చెప్పకుండా తప్పించుకోవడానికి తను ఎన్ని వందల మాటలు కుట్టాడో, ఎన్ని మాటల్ని విరిచాడో, ఎన్నిటికి ముక్కూ చెవులూ కోశాడో. ఆ అమ్మాయికి అవేవీ అక్కర్లేకపోయాయి. ఆమె ఎలా అయింది అలా, ఏ బడిలో చదివింది, ఏ టీచరు ఆమె వచ్చినప్పుడు షెడ్ల వాసనని కిటికీ తెరవలేదు. లేక తెరిచినా ఆమె గాలి బాగా వస్తోందనుకుందేమో, తల్లి పోలిక. మార్పు అంటే బండిమీద అరిచేది కాదేమో, సంచీ సర్దుకుంటూ అనేదేమో. ఇంత చిన్నగా వస్తే ఎవరికి వినపడుతుంది. వినపడింది. కార్యదర్శికి వినపడింది, అందుకే కదా మీటింగు.

మరి తను? భార్యకి తెలుసు. పెళ్ళయిన కొత్తలోనే చెప్పాడు, ఆవిడ విని, మడతపెట్టి, బీరువాలో అడుగున పెట్టేసింది, మళ్ళీ ఆ తలుపు తీయలేదు. పొద్దున బయల్దేరుతుంటే, పన్ను పోతే పోయింది, నోరు మాత్రం పారేసుకోకండి అంది. ఎందుకన్నదో ఇద్దరికీ తెలుసు. చెబితే ఏమవుతుంది, ఇల్లు సొంతమే, ఎవరూ వెళ్ళగొట్టలేరు. వెళ్ళగొట్టరు. మైకు మామయ్యా అని పిల్లలు మెట్లమీద పడి వస్తారే, ఆ పిల్లల్ని లోపలికి రమ్మని ఏదో ఒక తలుపు పిలుస్తుంది, హోంవర్కుందని. డాబామీద విందుకి పిలుస్తారు, కుర్చీ పక్కన కుర్చీ ఒకటి ఖాళీగా ఉంటుంది. భార్య ఇచ్చిన గిన్నె తిరిగొస్తుంది, తోమి, బోర్లించి, అందులో ఏమీ పెట్టకుండా. ఎవరూ ఒక్క మాటనరు. అనకపోవడంలో ఎంత నేర్పున్నవాళ్ళో తనకి తెలుసు, వాళ్ళ మధ్య బతికాడు, వాళ్ళలో ఒకడిగా తనూ కొన్ని గిన్నెలు అలా తిప్పి పంపాడు. చెప్పకపోతే? చెప్పకపోతే ఏమీ అవదు. ముసలావిడ వేరే ఇల్లు వెతుక్కుంటుంది. గొంతు మారలేదన్న మాట ఇంకెవరికీ చెప్పదు. నవ్విన నాపచేనే పండుతుందంటారు, ఆ నాపచేను తనదైతే, నవ్వింది కూడా తనే అయితే, పంట ఎవరికి.

రబ్బరు తెర ఊడింది. లోకం మొత్తం ఒక్కసారి నోట్లోకి వచ్చినట్టు చల్లగాలి. కాగితం ఒకటి పళ్ళమధ్య పెట్టి కొరకండి, పక్కకి ఆడించండి, ఆఁ, బాగుంది, అన్నాడు డాక్టరు. కుర్చీ జుయ్యిమంటూ పైకి లేచింది. గది నిటారుగా వచ్చి ఎదురుగా నిలబడింది, గోడమీద పళ్ళ బొమ్మ, బల్లమీద పింగాణీ దవడ, పైన కుర్చీలు ఈడ్చే చప్పుడు ఆగిపోయింది. జనం చేరుతున్నట్టున్నారు.

"మందు దిగేదాకా మాట్లాడకండి, నాలుక కొరుక్కుంటారు. మీటింగుకి రాకపోయినా ఫరవాలేదు, వెళ్ళి పడుకోండి. మీ మాట నేను చెబుతాగా."

ఇంత మర్యాదగా మూసుకునే అవకాశం ఎవరికొస్తుంది. వైద్యుడి ఆజ్ఞ. రేపు ఎవరడిగినా, ఏం చేయను, నోట్లో పన్ను, దేశంలో పన్ను, రెండూ మాట్లాడనివ్వలేదంటే నవ్వేస్తారు. తువ్వాలు ఇంకా మెడకే ఉంది. మైకు మామయ్య కింది పెదవిని వేలితో తాకి చూశాడు, ఎవరిదో పెదవి. పెదవులు కలిస్తే గానీ పలకని అక్షరాలు ఈ పూటకి పలకవు, మైకు ముందు బతికినవాడికి ఆ లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు. లోపల వాక్యాన్ని ఒకసారి పరీక్షగా చూసుకున్నాడు. ఆశ్చర్యం, ఇన్నేళ్ళు మోసిన బరువులో పెదవులు కలిసే అక్షరం ఒక్కటీ లేదు.

"నేనూ లైనవతలి వాణ్ణే," అన్నాడు.

మాట ముద్దగా వచ్చింది గానీ స్పష్టంగానే వచ్చింది. డాక్టరు ఒక్క క్షణం చూసి, పగలబడి నవ్వాడు. చూశావా అమ్మాయ్, దవడ మొద్దుబారినా జోకు మొద్దుబారలేదు అన్నాడు. అమ్మాయి కూడా నవ్వింది. నవ్వుకి ఎంత ఆయుష్షుంటుందో మైకు మామయ్యకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. మొదటి నవ్వు సన్నగిల్లేలోపు రెండోది అందించాలి, అదీ విద్య, ఇన్నేళ్ళలో ఒక్కసారి తప్పలేదు. డాక్టరు నవ్వు మొహంతోనే రెండోదానికోసం ఎదురుచూశాడు. మైకు మామయ్య ఏమీ అందించలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నవ్వు తనంతట తానే నడిచి, నడిచి, ఆనుకోవడానికేమీ దొరక్క గది మధ్యలో ఆగిపోయింది.

"అన్నగారూ," అన్నాడు డాక్టరు. సగం పిలుపు, సగం ప్రశ్న.

"నాన్న సున్నం గుంతల్లో పనిచేశాడు. ఆ నర్సమ్మ తల్లికి తెలుసు," అన్నాడు. ఇందులో పెదవుల అక్షరాలు ఉన్నాయి, ఒకటి రెండు జారిపోయాయి, వాటితోపాటు చొంగ కూడా గడ్డం మీదికి జారింది. తనకి తెలియలేదు. అసిస్టెంటమ్మాయి చూసింది. ఆమె కళ్ళలో నవ్వు అప్పటికే లేదు, ఇంకేముందో మాస్కుమీద నుంచి చదవడం కష్టం. కాగితం రుమాలు తీసింది, తీసి పట్టుకుని కొంచెంసేపు నిలబడింది, తర్వాత వంగి అతని గడ్డం తుడిచింది. మొద్దుబారిన చోట తుడిచింది గనక ఆ చెయ్యి మెత్తగా పడిందో విసురుగా పడిందో అతనికి తెలియలేదు.

పైకొస్తాను, మాట్లాడతాను, అన్నాడు మైకు మామయ్య. డాక్టరు వినలేదు. అతను గ్లవుజులు తీసి బుట్టలో పడేసి, అటు తిరిగి, మూలనున్న సింకు దగ్గర కుళాయి తిప్పాడు. ప్రతి పేషెంటు తర్వాతా చేతులు కడుక్కోవడం ఏ డాక్టరైనా చేసేదే, అందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. సబ్బు రాసుకున్నాడు, వేళ్ళ సందులు రుద్దుకున్నాడు, కడుక్కున్నాడు. మళ్ళీ సబ్బు రాసుకున్నాడు. మైకు మామయ్య మెడకున్న తువ్వాలు తనే విప్పుకుని, మడిచి, కుర్చీ చేతిమీద పెట్టాడు. గుమ్మం దాటి మెట్ల దగ్గరికి వచ్చేదాకా వెనక గదిలో నీళ్ళు పారుతూనే ఉన్నాయి.